మోత

బులవాయోలో మా వీధికి కరెంటు
పొద్దున ఐదింటికి పోతుంది.
ఆరున్నరకి బెకితెంబా వస్తాడు
రాత్రంతా గోదాముకి కాపలా కాసి.
బూట్లు గుమ్మంలో విడిచి, టీ సగం తాగి,
మిగతా సగం మర్చిపోయి పడుకుంటాడు.

సరిగ్గా అప్పుడే నా కుట్టుమిషను లేవాలి.
సోమవారానికి నలభై రెండు స్కూలు గౌన్లు,
మెరూన్ గుడ్డ, తెల్ల కాలరు.
మిషనుకి బ్యాటరీ, బ్యాటరీకి ఇన్వర్టరు,
ఇన్వర్టరుకి అగ్గిపెట్టెలంత ఫ్యాన్లు రెండు.
నోళ్ళు మాత్రం ఊరంత.

మెడ దగ్గర మెల్లగా కుడితే సణుగుడు.
పొడుగు కుట్టు వేస్తే అరుపు.
ఇస్త్రీపెట్టె పెట్టానా, ఇక రంపం.
గోడకి ఇవతల ఇన్వర్టరు, అవతల మంచం.
ఆయన నిద్రా నా కూలీ
ఒకే తీగ మీద.

ఒక్కరోజూ తిట్టలేదు.
సాయంత్రం చింతనిప్పుల్లాంటి కళ్ళతో లేచి
"ఎన్ని అయ్యాయి?" అని అడిగేవాడు.
తిట్టినా బాగుండేది.

సైకిలు ట్యూబు కోసి పెట్టె కాళ్ళ కింద పెట్టాను.
గోడ వణకడం మానింది, అరుపు మానలేదు.
గుడ్ల అట్టలతో చుట్టూ గూడు కట్టాను.
పదకొండు నిమిషాలు ఏ చప్పుడూ లేదు.
తర్వాత ఎర్రదీపం, మూడు కూతలు,
గౌను భుజంలో సూది దిగబడి ఆగిపోయింది.
అట్టలు పీకి చెయ్యి వేసి చూస్తే
జ్వరం వచ్చిన పిల్ల నుదురు.
నోరు మూశాననుకున్నాను.
నేను మూసింది ముక్కు.

ఆదివారం అన్నీ ఆపేసి, అరగంట ఆగి,
లోపల మిగిలిన కరెంటు కాటేస్తుందని
పక్కింటి ముసలి ఎంఖ్వనంజి చెప్పినందుకు ఇంకో పది నిమిషాలు ఆగి,
నాలుగు మరలు విప్పాను.
ఆగస్టు దుమ్ము. నూగు. మెరూన్ దారప్పోగులు.
నా పనే నా పని గొంతులో అడ్డం.
ఒక రెక్క మీద సెనగగింజంత మట్టి,
కుమ్మరి పురుగు కట్టబోయిన ఇల్లు.
నేను కుట్టని ఏ ఆదివారమో మొదలుపెట్టి ఉంటుంది.
సోమవారం దాని పునాది గిర్రున తిరిగి ఉంటుంది.
గోటితో గీకుతుంటే
పాపం అనిపించింది, కాసేపే.

ఒకటి బాగుపడింది. రెండోది అరిగిపోయింది.
"చిన్న రెక్క పరుగెత్తాలి,
పెద్ద రెక్క నడిస్తే చాలు" అని ముసలాయన
మూలపడ్డ కంప్యూటరులోంచి
అరచెయ్యంత ఫ్యాను ఊడదీసి ఇచ్చాడు.
ఐస్‌క్రీం డబ్బా కోసి గరాటు చేశాం.
తిరగేసి బిగించాం.
గాలి ఎటు పోవాలో పక్కనే బాణం గుర్తుంది,
రేడియోలు బాగుచేసిన ఆయనా చూడలేదు,
సూదిలో దారం ఎక్కించే నేనూ చూడలేదు.
మళ్ళీ విప్పాం.

మంగళవారం. ఐదింటికి కరెంటు పోయింది.
ఎవరో దూరంగా చేటతో చెరుగుతున్నంత చప్పుడు,
అంతే.
ఎనిమిదో గౌను అంచు మడుస్తుంటే
గోడ అవతల మాట వినిపించింది.
లేచాడేమోనని పెడలు వదిలాను.
లేవలేదు.

"మూడో షట్టరు తాళం...
నాలుగు. నాలుగోది చూశావా?"

టార్చి లేకుండా తిరుగుతున్నాడు నిద్రలో.
ఎన్నాళ్ళ నుంచో.
ఏడు నెలలు ఆ రంపం కింద
ఈ మాట పొట్టై రాలిపోయి ఉంటుంది.
చెవుల్లో మోత పోయాక తెలిసింది,
పడుకుని కూడా ఆయన దించని మోత.

"నాలుగోది చూశావా?"
సూది గుడ్డలోనే ఉంచి
గోడకి దగ్గరగా వంగి
"వేశాను" అన్నాను. "నాలుగోదీ వేశాను, పడుకో."

కాసేపు ఏమీ లేదు.
ఫ్యాను చెరుగుతోంది.

తర్వాత,
"ఐదు?" అన్నాడు.